హైడ్ పార్కులో మన రాజుగారి కుళాయి

2018లో ఆఫీసు పని మీద ఆరు నెలలు లండన్‌లో ఉన్నాను. శని, ఆదివారాలు ఊరికే నడిచేవాణ్ణి. అలా ఒకరోజు మార్బుల్ ఆర్చ్ దాటి హైడ్ పార్కులోకి అడుగు పెడుతుంటే ఒక చిన్న రాయి కనిపించింది. అక్కడ ఒకప్పుడు మంచినీళ్ళ ఫౌంటెన్ ఉండేదని, దాన్ని కట్టించి ఇచ్చినది విజయనగరం మహారాజా అని, 1964లో తీసేశారని ఆ రాయి చెప్తోంది. మాది గజపతినగరం. విజయనగరం నుంచి సాలూరు రోడ్డులో గంట కూడా పట్టదు. ఊరి పేరులోనే ఆ రాజుల బిరుదు ఉంది. పరాయి దేశంలో సొంత జిల్లా పేరు రాతి మీద చూస్తే ఎలా ఉంటుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఫోటో తీసి ఇంటికి పంపేను.

సాయంత్రం వీడియో కాల్‌లో మా నాయనమ్మకి ఇదంతా ఉత్సాహంగా వివరించేను. మన రాజుగారు లండన్‌లో నీళ్ళ కుళాయి కట్టించేడట, ఇప్పుడు కుళాయి లేదు గానీ పేరు రాయి ఉంది, అని. ఆవిడ అంతా విని, "రాయేటి సేసుకుంతార్రా? నీల్లొస్తన్నాయా నేదా?" అంది.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ముందుగా అసలు ప్రపంచంలోకెల్లా ధనవంతమైన నగరానికి విజయనగరం జమీందారు మంచినీళ్ళు పోయించడమేమిటో చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం నడుమ లండన్‌లో నీళ్ళు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేవి. డబ్బున్న ఇళ్ళకి గొట్టాలు, లేనివాళ్ళకి వీధి పంపులు. ఆ పంపుల నీళ్ళు ఎలా ఉండేవంటే, 1854లో సోహోలోని బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టుపక్కల కలరాతో 616 మంది చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టరు ఎవరెవరు ఏ పంపు నీళ్ళు తాగేరో ఇంటింటికీ తిరిగి అడిగి, చావులన్నీ ఆ పంపు చుట్టూ ముసురుకున్నాయని తేల్చేడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీయించేరు. (మా వృత్తిలో దీన్ని డీబగ్గింగ్ అంటాం. లాగులు చూసి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. స్నోకి లాగులుగా దొరికినవి చావుల లెక్కలు.) 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకి పార్లమెంటులో కూర్చోలేకపోయారు. బీరు తాగడం నీళ్ళు తాగడం కన్నా క్షేమం అన్న రోజులవి.

1859లో శామ్యూల్ గర్నీ అనే పార్లమెంటు సభ్యుడు, మరికొందరు కలిసి వీధుల్లో ఉచితంగా శుభ్రమైన నీళ్ళిచ్చే ఫౌంటెన్లు కట్టించడానికి ఒక సంఘం పెట్టేరు. మొదటిది ఏప్రిల్ 21న హోబర్న్‌లో, సెయింట్ సెపల్కర్ చర్చి ప్రహరీలో తెరిచారు. ఇప్పటికీ ఉంది. గొలుసుకి కట్టిన కప్పుతో ఎవరైనా నీళ్ళు పట్టుకుని తాగేవారు, తాగాక కప్పు మళ్ళీ అక్కడే పెట్టమని రాసి ఉంటుంది. కలరా భయంతో పుట్టిన సంఘం ఊరందరికీ కలిపి ఒకటే ఎంగిలి కప్పు పెట్టిందంటే ఇవాళ మనకి ఆశ్చర్యమే. సూక్ష్మజీవుల సిద్ధాంతం ఇంకా స్థిరపడలేదు మరి. తర్వాత పశువులకి తొట్లు కూడా కట్టించి, 1867లో సంఘం పేరులో వాటినీ చేర్చుకున్నారు. ఆ రాతి తొట్లు లండన్ వీధుల్లో ఇంకా కనిపిస్తాయి. చాలావాటిలో ఇప్పుడు పూలమొక్కలు పెంచుతున్నారు.

ఆ సంఘం ద్వారానే 1867లో మన రాజుగారి ఫౌంటెన్ లేచింది. రాజుగారంటే మూడో విజయరామ గజపతిరాజు, విజయనగరంలో 1857లో బడి పెట్టిన ఆయన. ఆ బడే పెరిగి మహారాజా కళాశాల అయింది. ఆయన కొడుకే గురజాడని ఆదరించిన ఆనంద గజపతి. తండ్రి చాలాకాలం కాశీలో గడిపేరు. కాశీలో విజయనగరం ఘాట్ ఇప్పటికీ ఉంది.

ఇలా ఇంగ్లండుకి నీళ్ళిచ్చింది ఆయనొక్కరే కాదు. అంతకు మూడేళ్ళ ముందే, 1864లో, కాశీరాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో అనే పల్లెటూరికి నుయ్యి తవ్వించి ఇచ్చేరు. ఎడ్వర్డ్ రీడ్ అనే కంపెనీ ఉద్యోగి ఒకప్పుడు అజంగఢ్ వైపు ఒక నుయ్యి తవ్వించడానికి సాయపడ్డాడట. తమ ఊళ్ళో నీళ్ళ కరువు ఎలా ఉండేదో, ఇంట్లో మిగిలిన ఆఖరి గుక్క తాగేసినందుకు ఒక పిల్లాణ్ణి తల్లి ఎలా కొట్టిందో ఆయన మాటల సందర్భంలో చెప్తే, కాశీరాజు గుర్తు పెట్టుకున్నారు. ఆ నుయ్యి లోతు 368 అడుగులు, వెడల్పు నాలుగే అడుగులు. మొత్తం చేత్తోనే తవ్వేరు. నాలుగడుగుల గొట్టంలాంటి చీకట్లో, నూట పన్నెండు మీటర్ల లోతున కూర్చుని మట్టి తట్టలకెత్తిన మనిషిని ఊహించుకుంటే నాకు ఊపిరాడదు. పైన బంగారు రంగు గుమ్మటం, దానికింద నీళ్ళు తోడే యంత్రం, యంత్రం మీద ఏనుగు బొమ్మ. కుళాయిలు వచ్చేక దానితో పని లేకుండా పోయింది. అయినా ఊరివాళ్ళు వదల్లేదు. బాగుచేయించుకుని చక్కగా కాపాడుకుంటున్నారు.

రెండు కానుకలూ ఒకే దశాబ్దంలో, సిపాయిల తిరుగుబాటు చల్లారేక, బ్రిటిష్ రాణి నేరుగా పాలన చేతిలోకి తీసుకున్నాక వచ్చినవి. దానం వెనక విధేయత ఉందనడంలో నాకు సందేహం లేదు. జమీందారీ నిలవాలంటే లండన్‌లో మంచి పేరుండటం అవసరం. నన్ను కలవరపెట్టినది మాత్రం వేరు, తేదీ. 1866లో ఒరిస్సా కరువులో దాదాపు పది లక్షల మంది పోయారు. ఆ కరువు గంజాం జిల్లాని కూడా పట్టింది. ఇవాళ మాకు పొరుగు జిల్లా అయిన శ్రీకాకుళం అప్పట్లో గంజాంలోదే. ఆ మరుసటి ఏడాది హైడ్ పార్కులో విజయనగరం డబ్బుతో ఫౌంటెన్. రాజుగారు ఇంటిదగ్గర ఏమీ చెయ్యలేదని అనను, బడి సంగతి పైన చెప్పేను. కానీ ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టుకుని చూసేక, ఆ రాయి ముందు దిగిన ఫోటోలో నా నవ్వు నాకే కాస్త ఎబ్బెట్టుగా కనిపించింది.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఫౌంటెన్ దగ్గర దప్పికైన బండివాడు, పనిమనిషి, వీధిపిల్లడు ఎవరైనా తాగొచ్చు. ఒకటే కప్పు. 1867లో విజయనగరం సంస్థానంలో ఏ ఊళ్ళోనైనా అందరికీ ఒకటే కప్పు పెట్టగలిగేవారా? మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడానికి ఇంకా అరవై ఏళ్ళు ఆగాలి. మన రాజుగారి డబ్బు సొంత ఊళ్ళో చెయ్యలేని పని పరాయి ఊళ్ళో చేసింది. ఇది ఆయన ఉద్దేశించి చేసింది కాకపోవచ్చు. అయినా జరిగింది.

విజయనగరం ఫౌంటెన్ దాదాపు వందేళ్ళు నిలబడి 1964లో పోయింది. దాని తర్వాత రెండేళ్ళకి, 1869లో, బొంబాయి పార్శీ వ్యాపారి కావస్‌జీ జహంగీర్ రెడీమనీ రీజెంట్స్ పార్కులో కట్టించినది మాత్రం ఇప్పటికీ ఉంది. సిసిలీ పాలరాయి పది టన్నులు, ఎర్ర గ్రానైటు నాలుగు టన్నులు పట్టేయి దానికి. ఈమధ్య బాగుచేసేరు కూడా. నేను వెళ్ళి చూసొచ్చేను. బాగుంది. నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కలిగింది, మన వాళ్ళది పోయి వాళ్ళది మిగిలిందే అని.

నీటి కట్టడాన్ని కాపాడటం అంటే ఏమిటో నాకు అర్థమైంది మాత్రం ఇంకో చోట, లండన్ పడమటివైపు క్యూ బ్రిడ్జి పంపింగ్ స్టేషన్‌లో. 1838లో మొదలై, ఆవిరి యంత్రాలతో నగరానికి నీళ్ళు తోడిన చోటు. 1944లో ఆ యంత్రాలు ఆగిపోయాయి. పాత ఇనుముకి అమ్మేయకుండా ఉంచేరు. 1975లో మ్యూజియం అయింది. అక్కడ 1846 నాటి యంత్రం ఒకటుంది, దాని సిలిండరు అడ్డకొలత 90 అంగుళాలు, అంటే ఏడున్నర అడుగులు. మా ఊళ్ళో నుయ్యంత. 1820 నాటి బోల్టన్ అండ్ వాట్ యంత్రం కూడా ఉంది. వాటిని అద్దాల వెనక పెట్టి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి స్వచ్ఛంద సేవకులు, ఎక్కువగా రిటైరైన ఇంజనీర్లు, బాగుచేసి ఆవిరితో నడిపేరు. నేను వెళ్ళినరోజు ఒక పెద్దాయన చేతిలో నూనె డబ్బాతో, ఏ చప్పుడు మామూలుదో ఏది కాదో ఎదురుగా ఉన్న పిల్లలకి చెప్తున్నాడు. యంత్రం కన్నా ఆ చెవి అపురూపం అనిపించింది.

2003లో రష్యాలోని నిజ్నీ తగిల్‌లో పారిశ్రామిక వారసత్వం మీద ఒక ఒడంబడిక రాసుకున్నారు. యంత్రాలు, కట్టడాలు, కాగితాలతో పాటు మనుషుల జ్ఞాపకాల్లో, అలవాట్లలో ఉన్నది కూడా ఆ వారసత్వంలో భాగమేనని అందులో ఉంది. ఆ పెద్దాయన చెవి అన్నమాట.

ఇంక ఇంటికి వద్దాం. విజయనగరం కోటలో, పూల్ బాగ్‌కి దక్షిణాన, ఔఖానా అని ఒక కట్టడం ఉంది. రాజుల స్నానశాల. (పారశీకంలో ఆబ్ అంటే నీరు. ఆబ్‌ఖానా మన నోళ్ళలో నలిగి ఔఖానా అయి ఉంటుందని నా ఊహ. భాష తెలిసినవాళ్ళు కాదంటే దిద్దుకుంటాను.) ఎనిమిది పలకల రాతి కట్టడం, యాభై అడుగుల ఎత్తు. లోపల మెలికలు తిరిగే మెట్లు. అడుగున నుయ్యి, నెత్తి మీద తొట్టి. నూతిలోంచి పంపుతో నీళ్ళు పైకెక్కించి, అక్కణ్ణుంచి కిందికి వదిలేవారు. చుట్టూ ప్రహరీ. కోట చూడటానికి వెళ్ళినవాళ్ళు దీన్ని గోపురమో బురుజో అనుకుని వెళ్ళిపోతారు. నేను కూడా ఇంజనీరింగు చదివే రోజుల్లో నాలుగుసార్లు దాని పక్కనుంచే పోయుంటాను.

లండన్ నుంచి వచ్చేక పనిగట్టుకుని వెళ్ళేను. ఎదురుగా నిలబడి చూస్తే అది చక్కగా అర్థమవుతుంది. యాభై అడుగుల ఎత్తున తొట్టి ఉంటే కింద కుళాయిలో దాదాపు ఒకటిన్నర వాతావరణాల ఒత్తిడి వస్తుంది. ఇవాళ మన అపార్ట్‌మెంట్లలో నాలుగైదు అంతస్తుల కింద షవర్ విప్పితే వచ్చే ధార అదే. ఇంకో సంగతి. నీళ్ళని పైనుంచి పీల్చి ఎక్కించాలంటే లెక్క ప్రకారం ముప్ఫై నాలుగు అడుగులు దాటి రావు, వాస్తవంలో పాతిక అడుగులే గగనం. గాలి ఒత్తిడి అంతకు మించి నెట్టలేదు. కాబట్టి యాభై అడుగులు ఎక్కాలంటే పంపు నూతికి దగ్గరగా, కింద ఉండి పైకి తొయ్యాలి. ఆ మెలికల మెట్లు ఎందుకున్నాయి, పైన తొట్టి బరువు మొయ్యడానికి ఎనిమిది పలకల రాతిగోడ ఎందుకు కావలసొచ్చింది, ఇవన్నీ అక్కడే నిలబడి పిల్లలకి చెప్పొచ్చు. పదో తరగతి ఫిజిక్సు పాఠం రాతిలో కట్టి ఉంది.

వెయ్యి లీటర్ల నీళ్ళని యాభై అడుగులు ఎత్తడానికి కావలసిన శక్తి ఎంతో అక్కడే ఫోన్‌లో లెక్కేసేను. నలభై ఒక్క వాట్-అవర్లు. నా చేతిలో ఉన్నలాంటివి రెండు ఫోన్ల బ్యాటరీలు ఖాళీ అయ్యేంత. ఓస్, అంతేనా అనిపిస్తుంది. అదే మనిషి కండతో అయితే, బలమైనవాడు నిలకడగా డెబ్బై అయిదు వాట్లిస్తాడనుకుంటే, ఏ వృథా లేకుండా అరగంట పైన. నూతి లోతు, పంపు రాపిడి కలుపుకుంటే గంట దాటుతుంది. ఒక స్నానానికి. ఏ శక్తితో తిప్పినా, ఆ పంపు దగ్గర ఎవరో ఒకరు రోజూ నిలబడాలి కదా? స్నానం చేసినవాళ్ళ పేర్లు వంశవృక్షంతో సహా దొరుకుతాయి. నీళ్ళెక్కించినవాళ్ళ పేరు ఒక్కటీ ఆ రాళ్ళ మీద లేదు.

కట్టడాల విషయంలో మన ఊరు నమ్మదగ్గది కాదు. పైడితల్లి అమ్మవారి చదురుగుడి దగ్గర, సిరిమాను బయల్దేరే చోట, మూడు లాంతర్ల స్తంభం ఉండేది. కూడలికి పేరే అది. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, దాన్ని కూల్చేసేరు. జనం గోల పెట్టింది అది నేలమట్టమయ్యాకే. దీపాలు పెట్టిన స్తంభం గతే అదైతే, స్నానశాల తొట్టికి ఎవరు గోల పెడతారు? గుడి, కోట, శాసనం అంటే మనకి వారసత్వం అనిపిస్తుంది. పంపు, తొట్టి, గొట్టం అంటే మునిసిపాలిటీ సామాను అనిపిస్తుంది. ఆ మాటకొస్తే విజయనగరం గ్రామదేవతే పెద్దచెరువులోంచి వచ్చింది. ఊరు నీళ్ళని నమ్ముకుని బతికిందని అమ్మవారి కథే చెప్తోంది.

ఇలా ఊరిని తిట్టే హక్కు నాకుందా అంటే లేదు. ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి.

గజపతినగరంలో మా ఇంటి పెరట్లో ఒక నుయ్యి ఉండేది. మా ముత్తాత తవ్వించినది. చంపావతి ఏరు దగ్గరే కాబట్టి ఇరవై అడుగుల్లో నీళ్ళు పడ్డాయంటారు. వేసవిలో నుయ్యి అడుగంటితే ఆడవాళ్ళు ఏట్లోకి వెళ్ళి ఇసుకలో చెలమలు తవ్వేవారు. చేత్తో ఇసుక తోడి, ముందు ఊరిన బురదనీళ్ళు పారబోసి, తేటనీరు ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో బిందెలోకి ఎత్తడం. ఇవాళ ఏటి ఇసుకలో కట్టే ఊటబావులు చేసేదీ అదే పని. ఇసుక వడగడుతుంది, ఊట పోగవుతుంది, మోటారు తోడుతుంది. మా నాయనమ్మ కొబ్బరిచిప్ప స్థానంలో కరెంటు వచ్చింది.

2016లో, ఉద్యోగం కుదురుకున్నాక, ఇల్లు పెద్దది చేసేం. కారు పెట్టుకోవడానికి చోటు లేదు. నుయ్యి పూడ్పించినది నేనే. మా నాన్న ఒకసారి, "ఉంచితే బాగుంటాదేమోరా" అన్నారు. నేను బోరుంది కదా అన్నాను. పాత గోడల రాళ్ళు, పెంకులు ట్రాక్టరుతో పోయించి పైన సిమెంటు చేయించేను. రెండ్రోజుల పని. రెండేళ్ళ తర్వాత అదే మనిషి హైడ్ పార్కులో రాయి ముందు నిలబడి ఫోటో తీసుకున్నాడు.

నాయనమ్మ దానికి ఏమీ అనలేదు. చాలాకాలం తర్వాత, లండన్ కబుర్లన్నీ అయిపోయాక, ఒక రాత్రి కూర్చోబెట్టి నూతి సంగతులు అడిగేను. ఫోన్‌లో రికార్డు చేసేను. తాడు ఎంత పొడవు, గిలక చప్పుడు మారితే ఏం చెయ్యాలి, చేద నూతిలో పడిపోతే పాతాళగరిగె ఎవరింట్లో ఉండేది. ఇనుప కొక్కేల గుత్తి అది, తాడు కట్టి నూతిలో దింపి వెతుకుతారు. వీధి మొత్తానికి ఒకటే. అరువు తెచ్చుకోవాలంటే బదులు చెంబో గిన్నో అక్కడ పెట్టి రావాలి, లేకపోతే ఇవ్వరు. ఇవన్నీ నవ్వుతూ చెప్పింది.

"అందరూ మన నూతిలోనే తోడుకునేవారా?" అని అడిగేను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. చివరి పేటవాళ్ళు నూతిగట్టు ఎక్కేవారు కాదు. గట్టుకి అవతల బిందెలు పెట్టుకుని నిలబడేవారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వచ్చి తోడి, ఎత్తునుంచి వాళ్ళ బిందెల్లోకి పోసేవారు, తగలకుండా. ఎవరూ రాకపోతే ఎండలో అలాగే నిలబడేవారు. "కొత్తకోడలప్పుడు నేనే పోసీదాన్ని. సేతులు నొప్పెట్టి ఒకోపాలి నోపలికెల్లిపోయీదాన్ని. ఆలు నిలబడీవోరు" అంది.

ఆ మాట ఏ రాతి మీదా లేదు. నుయ్యి ఉంటే పూలకుండీలు పెట్టి, చుట్టూ దీపాలు పెట్టి, మా ముత్తాత పేరు చెక్కించి ఉండేవాణ్ణేమో. ఆ గట్టు అవతల నిలబడ్డవాళ్ళ సంగతి ఎక్కడ చెక్కిస్తాను? అలాగని పూడ్చి మంచిపని చేశాననీ అనలేను. గట్టు ఉంటే, ఇదిగో ఇక్కడ నిలబడేవారు అని చూపించడానికి చోటైనా ఉండేది. ఇప్పుడు అక్కడ కారుంది.

నాయనమ్మ 2021లో పోయింది. రికార్డింగు నలభై నిమిషాలుంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాన్నని కూర్చోబెట్టి దాన్ని వింటూ కాగితం మీద గీయించేను. నుయ్యి ఎక్కడ, గట్టు ఎంత ఎత్తు, గిలక కర్రలు ఏ వైపు, బిందెలు ఏ వైపు. బిందెల వైపు ఆయన మొదట గీయలేదు. నేను అడిగేక గీసేరు. గిలక అటక మీద దొరికింది. ఇనుప ఇరుసు తుప్పు పట్టింది. కిరసనాయిలు పోసి ఒక రోజు ఉంచితే కదిలింది. తిప్పితే కిర్రుమంటోంది. ఆ చప్పుడు మామూలుదా కాదా అని మా నాన్నని అడిగేను. కాదు, ఇంకా నూనె కావాలి అన్నారు.